అక్షరాలకు బదులు అంకెలు

రేడియో షాపు వెనకిల్లు
మే 28

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. డాక్టరమ్మ మంచం దిగొద్దంటే దిగొద్దు, అంతే. కిందింటి వాళ్ళ ఫోన్ కోసం మెట్లు దిగావని తెలిస్తే నేనే వచ్చి నీ కాళ్ళు మంచానికి కట్టేస్తాను. ఇదివరకు రెండుసార్లు ఏమైందో నీకు నేను గుర్తుచెయ్యాలా? అంత కష్టపడి క్షేమం కనుక్కోవాల్సినంత గొప్పవాళ్ళం కాదు మేం. ఉత్తరం రాయి. తీరిగ్గా రాయి. పడుకుని చేసే పని ఇంకేముంది నీకు.

మీ అన్నయ్య సంగతి అడిగావు. ఎడమచెయ్యి పూర్తిగా మొండికేసింది. కుడిచేతి చూపుడువేలు మాత్రం ఇంకా చెప్పిన మాట వింటోంది. అసలు మాటే ముద్దయిపోయింది. నేను తప్ప ఎవరికీ అర్థం కాదు, నాకూ సగమే. మొన్న పొద్దున ఏదో అడిగారు. "దిండు సర్దనా?" అన్నాను. కాదు. "మంచినీళ్ళా?" కాదు. "ఫ్యాను తగ్గించనా?" కాదు. ఇంట్లో ఉన్న సామాన్లన్నీ పేరుపేరునా అడిగాను. చివరికి విసుగొచ్చి కళ్ళు మూసుకున్నారు. సాయంత్రానికి తెలిసింది, ఆయన అడిగింది నీ గురించి. పిచ్చుక ఉత్తరం రాసిందా అని. ఇంట్లో ఉన్నవన్నీ అడిగాను గానీ, ఇంట్లో లేనిదాన్ని అడగాలని తోచలేదు నా బుర్రకి.

నేను కుట్టు యూనిట్‌కి వెళ్తూనే ఉన్నాను. స్కూలు చొక్కాలకి కాలర్లు కుట్టే పని. నేను లేనప్పుడు పక్కింటి టైపు టీచరమ్మ గంటకోసారి తొంగిచూసి పోతుంది. ఆవిడకి మీ అన్నయ్య కళ్ళతో ఏం చెప్పినా అర్థం కాదు. "ఆహా, అలాగా" అని వెళ్ళిపోతుందట.

నువ్వు కంప్యూటర్ పాఠాలు చెప్పేదానివి కదా. షాపులో మీ అన్నయ్య ముక్కలు ఏరుకొచ్చి బిగించిన కంప్యూటర్ ఒకటి మూలన ఉంది. ఒక్క వేలితో మనిషి మాట్లాడే ఉపాయం ఏదైనా ఉందా దాంట్లో? ఉంటే రాయి. లేకపోతే లేదని రాయి, ఊరించకు.

మీ వదిన

మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 10

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. మా ఆయన కంగారుపడి డాక్టరమ్మని పిలవనా అన్నాడు. పిలవాల్సింది డాక్టరమ్మని కాదు, నాకో పెన్నూ కాగితాలూ తెచ్చిపెట్టు అన్నాను.

ఉపాయం ఉంది. నేను పాఠం చెప్పే సి భాషలోనే రాశాను. ఈ కవర్లో ఉన్న నాలుగు కాగితాలూ ప్రోగ్రామే. టైపు టీచరమ్మని ఉన్నదున్నట్టు కొట్టమను. చుక్క పోయినా, కామా పోయినా అది మొరాయిస్తుంది. సాయంత్రం కూర్చోబెట్టి అన్నయ్యకి ఇది చదివి వినిపించు, ఆయనకి నచ్చుతుంది.

యంత్రానికి అక్షరాలు రావు. దానికి వచ్చినవి అంకెలే. మనం చిన్న ఎ నొక్కితే లోపల తొంభై ఏడు అని దాచుకుంటుంది. బి అయితే తొంభై ఎనిమిది. అలా వరసగా జడ్ దాకా. రెండు మాటల మధ్య ఖాళీ వదిలినా దానికీ ఒక అంకె ఉంది, ముప్ఫై రెండు. ఒక్కో అక్షరం దాచడానికి ఒక్కో చిన్న అర చాలు. మళ్ళీ చూపించమన్నప్పుడు ఎలా చూపించాలో మనమే చెప్పాలి. శాతం గుర్తు పక్కన సి రాస్తే అక్షరంగా చూపిస్తుంది. డి రాస్తే ఉన్న అంకెని అంకెగానే చూపిస్తుంది. లోపలున్నది ఒకటే, మనం అడిగే తీరులో ఉంది తేడా.

తెలుగు అక్షరాలు ఆ పాత యంత్రానికి తెలీవు. అందుకని మన మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. తెర మీద అక్షరాలు వరసలు కట్టి ఉంటాయి. ఒక్కో వరసా వెలుగుతూ కిందికి దిగుతుంది. కావలసిన వరస వెలిగినప్పుడు అన్నయ్య వేలితో మీట నొక్కాలి. అప్పుడు ఆ వరసలో ఒక్కో అక్షరం వెలుగుతుంది. మళ్ళీ నొక్కితే ఆ అక్షరం కింద పడుతుంది. మీట కోసం మామూలు కాలింగ్ బెల్ స్విచ్ చాలు. దాని తీగలు రెండూ కీబోర్డులో పెద్ద మీట కింద అతికించాలి. ఎవరు అతికిస్తారో మాత్రం నాకు తెలీదు.

అన్నయ్య ఎలా ఉన్నాడు? నిజం రాయి.

పిచ్చుక

రేడియో షాపు వెనకిల్లు
జూలై 2

పిచ్చుకా,

ఎవరు అతికిస్తారు అని అడిగావు కదా. నేనే. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల ముందు కూర్చున్న మనిషికి కాఫీ అందించానే గానీ, ఆ కాల్చే కడ్డీని ఎప్పుడూ ముట్టుకోలేదు. మీ అన్నయ్య కుర్చీని పక్కకి లాగి, ఆయన కళ్ళు చూస్తూ అతికించాను. తప్పు చోట పెట్టబోతే కళ్ళు పెద్దవి చేస్తారు, సరైన చోటయితే మెల్లగా మూస్తారు. రెండుసార్లు వేలు కాల్చుకున్నాను. రెండోసారి ఆయన నవ్వు చూశాను. మాట ముద్దయినా నవ్వు ముద్ద కాలేదు, అది పాతదే.

టీచరమ్మ మూడు సాయంత్రాలు కొట్టింది. యంత్రం తప్పు తప్పు అంటూనే ఉంది. "మీ ఆడపడుచు రాతలో జీ ఏదో క్యూ ఏదో దేవుడికే తెలియాలి" అని నిన్ను తిట్టింది, నన్ను తిట్టింది, చివరికి యంత్రాన్ని తిట్టింది. తీరా చూస్తే ఇరవయ్యో లైను చివర ఆవిడే ఒక సెమికోలన్ మింగేసింది. అప్పట్నించీ నీ మీద గౌరవం పెరిగిందావిడకి.

ఇంక మొదటి మాట. నలభై నిమిషాలు పట్టింది. నేనూ టీచరమ్మా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. నన్ను గురించి ఏదో రాస్తారనుకున్నాను. నీకు దాచడమెందుకు, కళ్ళు తుడుచుకోవడానికి కొంగు కూడా సిద్ధంగా పట్టుకున్నాను. ఏం రాశారో తెలుసా? కూరలో ఉప్పు లేదు. మూడు నెలల్నించీ చెప్పాలనుకుంటున్నారట! టీచరమ్మ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మూడు నెలలు చప్పిడి కూడు నోరెత్తకుండా తిన్నారు చూడు.

ఆ మర్నాడు నీకు రెండు ప్రశ్నలు వేశారు. ఎ కి ఒకటి కలిపితే బి అవుతుందా? ఈ అంకెలు ఎవరిచ్చారు? జవాబు రాయి.

బాగానే ఉన్నారు. కాస్త చిక్కారు, అంతే.

మీ వదిన

మూడో అంతస్తు
జూలై 15

అన్నయ్యా,

ఈసారి ఉత్తరం నీకే. వదిన చదివి వినిపిస్తుంది. మధ్యలో తన మాటలు కలిపితే వేలెత్తు.

అవును, ఎ కి ఒకటి కలిపితే బి. నీ తెర మీద వెలుగు ఒక అక్షరం నించి పక్క అక్షరానికి జరుగుతోందంటే ప్రోగ్రాము చేస్తున్నది అదే, ఒకటి కలపడం. అంకెలు ఎవరిచ్చారంటావా, ఏ దేవుడూ ఇవ్వలేదు. కొంతమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్నారు. మనం వరసలు కలుపుకుంటామే, అలాంటిదే. పక్కింటావిడ నాకు పిన్ని ఎందుకయిందంటే ఏం చెబుతాం? పిలిచాం, పలికింది, అయిపోయింది.

ఇంకో సంగతి కూడా చెబుతాను, నీకు నచ్చుతుంది. మాటలోని అక్షరాలన్నీ పక్కపక్క అరల్లో దాచాక, చివర్లో ఒక సున్నా పెట్టాలి. మాట ఇక్కడితో అయిపోయిందని గుర్తు. అది పెట్టడం మర్చిపోతే యంత్రానికి ఎక్కడ ఆగాలో తెలీదు. పక్క అరల్లో ఉన్న పాత చెత్తంతా కలిపి చదువుకుంటూ పోతుంది. మా క్లాసులో ప్రతి ఏడూ సగంమంది ఈ తప్పు చేస్తారు. నేనూ చేశాను. అప్పుడు నువ్వన్నావు గుర్తుందా, "మాట్లాడ్డం మొదలుపెడితే నీకూ ఆగడం రాదు కదే, యంత్రాన్ని అంటావేం" అని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నీ బల్ల మీద ఎక్కించుకుని, విప్పిన రేడియోలో ఏది ఏమిటో వేలు పెట్టి చూపించేవాడివి. అమ్మా నాన్నా లేని పిల్లని ఎవరైనా బడికి పంపి ఊరుకుంటారు. నువ్వు ప్రతిదీ ఎందుకు పనిచేస్తుందో చెప్పేవాడివి. ఈ ప్రోగ్రాము నేను రాయలేదన్నయ్యా. నువ్వు రాయించావు.

ఐదో నెల దాటింది. కదులుతోంది.

పిచ్చుక

రేడియో షాపు వెనకిల్లు
ఆగస్టు 19

పిచ్చుకా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మీ అన్నయ్యకి జలుబు చేసింది. ఇప్పుడు నయం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నారు. చివరి లైను దగ్గరికి రాగానే ప్రతిసారీ వేలెత్తుతారు. నేను కలిపి చదువుతున్నాననుకుంటారు కాబోలు. కాదు బాబూ, అదే రాసింది, కదులుతోందట అని కాగితం కళ్ళముందు పెట్టాను.

ఒక ఇబ్బంది ఉంది. నిన్న మధ్యాహ్నం నేను లేనప్పుడు మూడు గంటలు కూర్చుని ఏదో పెద్ద సంగతి రాశారట. నాలుగింటికి కరెంటు పోయింది. రాసిందంతా పోయింది. నేను వచ్చేసరికి నల్లటి తెర ముందు అలాగే ఉన్నారు. ఏం రాశారని అడిగితే మళ్ళీ రాసే ఓపిక లేక కళ్ళు తిప్పేసుకున్నారు. రాసిన అక్షరం రాసినట్టే కాగితం మీద పడే దారి ఏమైనా ఉందా? షాపులో ప్రింటరు ఒకటుంది. ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రానేలేదు. పనిచేస్తోంది, కాకపోతే కీచుమని ఇల్లు లేచిపోయేలా అరుస్తుంది.

నేను పని మానేద్దామనుకుంటున్నాను. ఆ మాట అన్నప్పటినించీ నాతో సరిగ్గా ఉండటం లేదు. పొద్దున నేను బయల్దేరుతుంటే ఏదో అనబోతారు. వెళ్ళొద్దనే అనుకుంటా. కాళ్ళు కదలవు, పిచ్చుకా. అయినా వెళ్తున్నాను.

నువ్వు మాత్రం ఇవేవీ మనసులో పెట్టుకోకు. ఎడమవైపు తిరిగి పడుకుంటున్నావా?

మీ వదిన

మూడో అంతస్తు
ఆగస్టు 30

వదినా,

లోపల దాచుకున్నది కరెంటుతో పాటే పోతుంది. కాగితం మీద పడ్డది ఉంటుంది. దారి తేలికే. అక్షరం ఎంచుకోగానే తెరతో పాటు ప్రింటరుకి కూడా పంపమని రెండే రెండు లైన్లు కలపాలి. కవర్లో పెట్టిన చిన్న కాగితంలో ఉన్నాయి. ఎక్కడ చేర్చాలో బాణం గుర్తు వేశాను. అక్షరానికొక లైను చొప్పున కిందికి పడతాయి, పొడుగ్గా వస్తుంది కాగితం. ఫరవాలేదు, చదువుకోవచ్చు.

ఎక్కువ రాయలేను. మధ్యాహ్నం నించీ నడుం పట్టేసినట్టుంది. మా ఆయన డాక్టరమ్మని తీసుకురావడానికి వెళ్ళాడు. భయపడకు, ఇలా ఇదివరకూ వచ్చి తగ్గింది.

అన్నయ్య ఎలా ఉన్నాడు?

పిచ్చుక

రేడియో షాపు వెనకిల్లు
సెప్టెంబరు 21

పిచ్చుకా,

నొప్పి తగ్గిందని, ఆస్పత్రిలో మూడు రోజులుంచి పంపేశారని మీ ఆయన ఫోన్‌లో చెప్పాడు. బతికించావు తల్లీ. ఇంకా తొమ్మిది వారాలు. గట్టిగా పట్టుకుని ఉండు.

ఇక్కడంతా మామూలే. వానలు. టీచరమ్మ మోకాళ్ళ నొప్పులంటోంది.

నువ్వు పంపిన రెండు లైన్లూ టీచరమ్మ కొట్టింది. ప్రింటరు పనిచేస్తోంది. కానీ అక్షరాలు రావడం లేదు, అన్నీ అంకెలే. ఒకదాని కింద ఒకటి, మూర పొడుగు కాగితం. టీచరమ్మ చూసి యంత్రం పాడయిందంది. నాకెందుకో పాడయినట్టు అనిపించలేదు. మొదట్లోవి ఇలా ఉన్నాయి: 110, 117, 118, 118, 117, 32, 112, 97, 110, 105. మొత్తం ఈ ఉత్తరం వెనకవైపు ఎక్కించాను. రెండుసార్లు సరిచూశాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

వీటిల్లో మాటలున్నాయా? ఉంటే ఏమిటో చూసి రాయి. నీకు ఓపిక ఉన్నప్పుడే చూడు. తొందరేం లేదు. కానీ చూడు. ఏదైనా కావాలని అడిగారేమో, మంచినీళ్ళో మరొకటో, నేను లేనప్పుడు. అది ఒక్కటీ తెలిస్తే చాలు నాకు. ఉన్నదున్నట్టు రాయి.

కాగితం మడతలు పడకుండా పుస్తకంలో పెట్టాను.

మీ వదిన

మూడో అంతస్తు
సెప్టెంబరు 29

వదినా,

తప్పు యంత్రానిది కాదు, టీచరమ్మదీ కాదు. నాది. శాతం పక్కన సి ఉండాల్సిన చోట డి రాశాను. లోపల ఏ అంకె వెళ్తోందో నా కోసం సరిచూసుకుందామని ఒక కాగితం మీద డి పెట్టుకున్నాను. నడుం నొప్పి హడావిడిలో ఆ కాగితమే కవర్లో పెట్టేశాను. ఇలాంటి తప్పుకి నేను పిల్లల మార్కులు సగం కోసేస్తాను.

అంకెల్లో మాటలున్నాయి. మంచినీళ్ళు అడగలేదు. ఏదీ అడగలేదు. అన్నయ్య రాసింది ఇది:

నువ్వు పని మానకు.

ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం తెలీదు కాబట్టి "మనకు" అని కూడా చదవొచ్చు. కానీ అన్నయ్య అన్నది "మానకు" అనే. పొద్దున్నే నువ్వు బయల్దేరుతుంటే అనబోయిందీ ఇదే అయ్యుంటుంది. నువ్వు వెళ్ళొద్దని కాదు వదినా. మానొద్దని.

మిగతావి యంత్రం కలిపిన చెత్త. పట్టించుకోకు.

టీచరమ్మకి చెప్పి డి తీసి సి పెట్టించు.

వేళకి తిను.

పిచ్చుక

రేడియో షాపు వెనకిల్లు
అక్టోబరు 8

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చింది. చాలా చాలా మంచి పని చేశావు. ఎంత మంచి పనో నీకు తెలీదు.

మీ అన్నయ్యకి చదివి వినిపించాను. నవ్వారు.

సి పెట్టించాను. ఇప్పుడు బాగా వస్తోంది.

నేను పనికి వెళ్తున్నాను.

మీ వదిన

మూడో అంతస్తు
నవంబరు 6

వదినా,

పాప పుట్టింది. ఒకటో తారీఖు పొద్దున పదకొండింటికి. మూడు వారాలు ముందే వచ్చింది, కేజీ తొమ్మిది వందలు. రెండు రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. ఇప్పుడు నా పక్కనే ఉంది. ఏడుపు మాత్రం నాలుగు కేజీల పిల్లలా ఏడుస్తోంది.

ఇంక నేను అబద్ధం ఆడక్కర్లేదు. నువ్వూ ఆడక్కర్లేదు.

నువ్వు పంపిన అంకెల్ని ఒక మధ్యాహ్నం విప్పాను. మొదటి మాట నీకు రాశాను. ఆ తర్వాత ఉన్నది చెత్త కాదు. ఇది:

పిచ్చుకకు ఇప్పుడే చెప్పకు. పురుడు అయ్యాక.

ఏం చెప్పొద్దన్నాడో ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. వానలున్నాయి, టీచరమ్మ మోకాళ్ళున్నాయి, మా అన్నయ్య అందులో ఎక్కడా లేడు. సెప్టెంబరు రెండో వారంలో మా ఆయన ఆఫీసు పనంటూ రెండు రోజులు ఊరెళ్ళాడు. తిరిగొచ్చి నా మంచం దగ్గర కూర్చుని, ఎప్పుడూ లేనిది, గంటసేపు నా పాదాలు వత్తాడు. ముఖం ఎత్తలేదు. అప్పుడు అలసిపోయాడనుకున్నాను. మా అన్నయ్యని సాగనంపి వచ్చాడని నాకు తెలీదు కదా.

ఆ మధ్యాహ్నం నేను ఏడవలేదు వదినా. ఏడిస్తే కడుపు బిగుస్తుందని భయం. గోడ గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకున్నాను. సాయంత్రం మా ఆయన వస్తే ఏమీ ఎరగనట్టు కూర బాగుందన్నాను. ఆయనా ఏమీ ఎరగనట్టు తిన్నాడు. ఐదు వారాలు ఒక ఇంట్లో ఇద్దరం అలా గడిపాం. డి తీసి సి పెట్టించు అని నీకు రాసేటప్పుడు, ఇక దాన్ని ఎవరూ వాడరని తెలిసే రాశాను. "నవ్వారు" అని నువ్వు రాసిన కాగితం నా దిండు కింద ఉంది.

ఆయన చివరి మాటల్ని అంకెలు చేసి పెట్టింది నేను. నా చేతి తప్పు. సి రాసుంటే నువ్వు ఆ రోజే చదువుకునేదానివి. అన్ని రోజులు నువ్వు ఆ కాగితం చేత్తో పట్టుకుని ఏమనుకున్నావో తల్చుకుంటే, పాపకి పాలిస్తూ ఆగిపోతున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో రాయి. ఇప్పుడు వినగలను.

పిచ్చుక

రేడియో షాపు వెనకిల్లు
నవంబరు 17

పిచ్చుకా,

పాప సంగతి మీ ఆయన ఆ రోజే ఫోన్‌లో చెప్పాడు. అద్దాల పెట్టెలోంచి తీశాక మళ్ళీ చేసి, రిసీవరు పాప దగ్గర పెట్టాడు కూడా. ఏడుపు విన్నాను. టీచరమ్మకి కూడా వినిపించాను.

నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. నీ సెప్టెంబరు ఉత్తరంలో అన్నయ్య ఎలా ఉన్నాడని నువ్వు అడగలేదు. పెళ్ళయి వెళ్ళాక అప్పటిదాకా నువ్వు నాకు రాసిన వాటిల్లో ఆ మాట లేని ఉత్తరం అదొక్కటే. అయినా మళ్ళీ అబద్ధం రాశాను. నువ్వు అంత నిబ్బరం పట్టుకుని ఉంటే నేను వచ్చి చెయ్యి తగిలించడమెందుకని.

అది సెప్టెంబరు తొమ్మిది. పొద్దున ఏదో అనబోయారు. యూనిట్ వ్యాన్ బయట హారన్ కొడుతోంది. "సాయంత్రం వచ్చాక చెబుదురుగాని" అన్నాను. సరే అన్నట్టు వేలు కదిపారు. తుడిచిన ముఖమే మళ్ళీ ఒకసారి తుడిచి, వేలి కింద మీట సరిచేసి వెళ్ళాను. టీచరమ్మ పదకొండింటికి చూసింది, పన్నెండింటికి చూసింది. రాసుకుంటున్నారు, ప్రింటరు కీచుమంటోంది. ఒంటిగంటకి చూసేసరికి చప్పుడు లేదు. కరెంటు పోయి ఉంది. ఆయనా వెళ్ళిపోయారు. నాకు కబురొచ్చేసరికి మెషిను మీద కాలరు సగం కుట్టి ఉంది. ఇంటికొచ్చి చూస్తే ముఖం ప్రశాంతంగానే ఉంది. కాగితం నేల దాకా వేలాడుతోంది.

ఊపిరాడక ఎవరినో పిలిచి ఉంటారని, ఆ అంకెలన్నీ అదేనని దాదాపు నాలుగు వారాలు అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక కాస్త నిద్రపట్టింది. మర్నాడే పనికి వెళ్ళాను. ఆ సగం కాలరు ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంచారు. పూర్తి చేశాను.

ఇప్పుడొక మాట. నీ నవంబరు ఉత్తరం వచ్చాక కాగితం తీసి లెక్కపెట్టాను. కాలర్లు లెక్కపెట్టే చేతులు కదా. మొత్తం అరవై అంకెలు. నువ్వు మొదట రాసిన మాటకి, ఖాళీలతో, చుక్కతో కలిపి పద్దెనిమిది. మొన్న రాసినదానికి నలభై. ఇంకా రెండు మిగిలాయి. 114. 97.

తొంభై ఏడు ఎ అని నువ్వే చెప్పావు. అక్కణ్ణించి వేళ్ళు మడుచుకుంటూ వెళ్ళాను. పద్దెనిమిదో అక్షరం ఆర్. రెండూ కలిపితే, రా.

నువ్వు దాన్ని ఎందుకు రాయలేదో నాకు తెలుసు. నీ మీద కోపం లేదు. నీ చోట నేనుంటే నేనూ రాయను. రా తో మొదలయ్యే మాటలన్నీ వెతికాను. రావద్దు అనబోయారా? రాత్రి అనబోయారా? కరెంటు మధ్యలో పోయిందా, వేలు ఆగిందా? ఎవరికి తెలుసు. కానీ ఆ మనిషితో అన్నేళ్ళు ఉన్నదాన్ని నేను. రా అనే అన్నారు. ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి, షాపులోంచి "ఇదిగో" అని కేకేసే మనిషి, రమ్మన్నారు. నేను అక్కడ లేను. పని మానకు అన్నదీ ఆయనే, రా అన్నదీ ఆయనే. రెండూ నిజమే. రెండూ నావే. రెండోది నువ్వు ఇంకెక్కడా దాచనక్కర్లేదు, నేను ఉంచుకుంటాను.

డి అని, సి అని నిన్ను నువ్వు కోసుకోకు. సి రాసి ఉంటే ఆ కాగితం నేను ఆ మధ్యాహ్నమే, ఆయన పక్కన నిలబడి, ఒంటరిగా చదివి ఉండేదాన్ని. రా అని ఉంటే ఏమయ్యేదాన్నో నాకు తెలీదు. ఇప్పుడు చదివినప్పుడు ఇద్దరం ఉన్నాం.

యూనిట్‌లో నెల సెలవిచ్చారు. ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. మీ ఆయన్ని స్టేషనుకి పంపకు, పాప దగ్గర ఉండనీ. నన్ను చూడగానే ధైర్యంగా ఉండాలని ప్రయత్నం చెయ్యకు. నేనూ చెయ్యను. ముందు పాపని ఎత్తుకుంటాను. తర్వాత దాన్ని వాళ్ళ నాన్నకిచ్చి మనిద్దరం తలుపేసుకుందాం. రెండు నెలల ఏడుపు ఉంది నా దగ్గర. ఒక్కదాన్నే ఏడవడం చేతకాక ఆపుకున్నాను.

మీ వదిన